టిక్కుమనని పిన్ను

టంకమక్కకు కోపం వస్తే అరవదు. చేస్తున్న పనిని ఇంకా నెమ్మదిగా, ఇంకా శ్రద్ధగా చేస్తుంది. ఆమెను ఎరిగినవాళ్లు అలాంటప్పుడు కాస్త దూరం జరుగుతారు. ఎరగనివాళ్లు దగ్గరికొచ్చి ఇంకో మాట అని చీవాట్లు తింటారు.

ఆ పొద్దున దుకాణం తెరిచిన పావుగంటకే వచ్చిన పెద్దాయన ఎరగని బాపతు. చెవి మిషను రిపేరుకిచ్చి మూడు రోజులైంది. తీసుకెళ్లడానికి వచ్చి, బల్ల మీద పేపరు పరిచి, ఆరో పేజీలో ఒక మూల వేలు పెట్టాడు.

"ఇది మీ గురించేనా?"

ఆమె భూతద్దం పక్కకి జరిపి చదివింది. 'నింగిలో మూగబోయిన బుల్లి ఉపగ్రహం. బ్యాటరీ బోర్డులో టంకం సరిగా అంటకపోవడమే కారణమని రేడియో క్లబ్ ప్రచార కార్యదర్శి వెల్లడి. బోర్డు తయారుచేసిన సభ్యురాలిపై విచారణ.' పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. క్లబ్బులో టంకం వేసే సభ్యురాలు ఒక్కతే. ఊళ్లో సగంమందికి ఆమె అసలు పేరు తెలియదు, టంకమక్క అంటేనే తెలుస్తుంది.

"నా గురించే," అంది.

"అయితే నా మిషను ఇచ్చెయ్యమ్మా. బాగవకపోయినా పర్లేదు. ఇంకోచోట చూపించుకుంటాను."

మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్లు మండింది. మిషను నిన్ననే బాగై, తుడిచి డబ్బాలో పెట్టి ఉంది. ఆ సంగతి చెప్పకుండా డబ్బా ఆయన చేతిలో పెట్టేసింది. బయటికెళ్లి చెవిలో పెట్టుకుంటే ఆయనకే తెలుస్తుంది. తెలిసినా వెనక్కొచ్చి ఆ ముక్క చెప్పడు. జనం సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఇరవై ఏడేళ్లుగా ఆమె పని అదే. చిటికెన వేలి గోరంత బోర్డుల మీద, వెంట్రుకలాంటి తీగలకు టంకం వేయడం. ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క వేసి, మళ్లీ ఊపిరి పీలుస్తుంది. ఆమె అతికించిన చోట రెండోసారి ఊడిన దాఖలా లేదు. ఆమెకు ఉన్న గొప్పంతా ఇదొక్కటే. చదువు సగంలో ఆగింది. పాట రాదు. వంట ఎలా ఉంటుందో లిఫ్టు మెకానిక్కైన ఆమె భర్త ఇంతవరకూ నోరు విప్పి చెప్పలేదు. ఉన్న ఆ ఒక్క గొప్పనూ పేపరు వాళ్లు నాలుగు వాక్యాల్లో ఊడ్చిపారేశారు.

పేపరు వాళ్లను అని ఏం లాభం? వాళ్ల చెవిలో ఊదింది సొంత మరిది.

రేడియో పిచ్చి ఆమెకు పెళ్లైన కొత్తలో పట్టుకుంది. ఎవరో పాత సెట్టు ఒకటి దుకాణంలో వదిలేసి మళ్లీ రాలేదు. బాగుచేసి చెవి పెడితే, ఎక్కడో నడిసముద్రంలో ఉన్న ఓడలోంచి ఒక వంటవాడు తన మోకాలి నొప్పి గురించి ఇంకెవరికో చెప్పుకుంటున్నాడు. అంతే, ఆ మత్తు దిగలేదు. పరీక్ష రాసింది, లైసెన్సు తెచ్చుకుంది, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల హామ్ రేడియో క్లబ్బులో చేరింది. ఆ లోకంలో ఆమెకు అన్నిటికంటే నచ్చిన ఆనవాయితీ ఒకటుంది. ఎవరిని విన్నా, ఏ వేళకు విన్నా, ఎంత గట్టిగా విన్నా లాగ్ పుస్తకంలో రాసుకోవాలి. అవతలివాళ్లకు కార్డు పంపాలి, ఫలానా రోజు ఫలానా వేళ మీరు నాకు వినబడ్డారని. వినకపోతే రాయకూడదు. ఎవరూ కాపలా ఉండరు, ఎవరూ పట్టుకోరు, అయినా ఎవరూ తప్పు రాయరు. మనుషులు నిజం రాసే పుస్తకం ఒకటి ఉందని తెలిసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆ క్లబ్బులోకి మరిదిని తెచ్చింది కూడా తనే. అది గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది. అతను ఫర్నిచర్ షోరూంలో మైకు పట్టుకుని తగ్గింపులు చాటే ఉద్యోగి. రేడియోలో ఏ తీగ ఎటు పోతుందో తెలియదు గాని, ఆ తెలియకపోవడాన్ని కూడా గంటసేపు గొప్పగా చెప్పగలడు. చేరిన ఏడాదికే ప్రచార కార్యదర్శి అయ్యాడు.

క్లబ్బు వాళ్లు ఆరేళ్లు కూర్చుని ఉపగ్రహం చేశారు. ఉపగ్రహమంటే ఇటుకంత పెట్టె. చుట్టూ సౌర పలకలు, లోపల బ్యాటరీ, ఒక చిన్న రేడియో. అది పైన తిరుగుతూ నిమిషానికోసారి మోర్స్‌లో చుక్కలూ గీతలుగా తన గుర్తు చెబుతుంది. దాన్ని క్లబ్బులో అందరూ 'కూత' అంటారు. పెట్టె లైసెన్సు టంకమక్క పేరనే ఉంది, ఎందుకంటే దానికి కావలసిన పెద్ద పరీక్ష పాసైంది క్లబ్బులో ఆమె ఒక్కతే. ఇలాంటి పెట్టెలకు సొంత రాకెట్ ఉండదు. పెద్ద ఉపగ్రహం పోతుంటే, పక్కన కాస్త చోటు మిగిలితే ఎక్కించుకుంటారు. పెద్దది ఆగితే ఇదీ ఆగాలి, కిక్కురుమనకూడదు.

పెద్దది ఆగింది. ఒకసారి దాని పనే పూర్తికాలేదు. ఇంకోసారి రాకెట్‌లో ఏదో వాల్వు కారింది. రెండుసార్లూ మరిది విలేకరులను పిలిచి ఒకే మాట చెప్పాడు, ఉపగ్రహాన్ని మరింత మెరుగుపరిచేందుకు మేమే వాయిదా కోరామని.

"మనం కోరడమేంటి? మనల్ని అడిగిందెవరు?" అని నిలదీసింది టంకమక్క.

"వదినా, నీకు టంకం తెలుసు. నాకు జనం తెలుసు. ఎవరి పని వాళ్లం చేసుకుందాం," అన్నాడు అతను, నిమ్మకు నీరెత్తినట్టు.

చివరికి పెట్టె అప్పజెప్పే రోజు వచ్చింది. టంకమక్క పొద్దున బ్యాటరీ నిండా చార్జి చేసి, కొలిచి, పిన్ను పెట్టింది. ఆ పిన్నుకు జానెడు ఎర్ర రిబ్బను వేలాడుతుంటుంది. పిన్ను లోపలున్నంతసేపూ పెట్టె నిద్రపోతుంది. తీస్తే మేలుకుని అరగంటకు కూత మొదలుపెడుతుంది. పిన్నును టిక్కుమనేదాకా నొక్కాలి, సగం నొక్కితే నొక్కనట్టే. ఈ మాట ఆమె అందరికీ పదేసిసార్లు చెప్పి దుకాణానికి వెళ్లిపోయింది. సాయంత్రం రైల్లో పెట్టెను తీసుకెళ్లి రాకెట్ వాళ్లకిచ్చింది మరిది. అక్కడ మళ్లీ వాయిదా పడింది, ఈసారి పదకొండు వారాలు. సీలు వేసిన డబ్బాను ఎవరూ ముట్టుకోకూడదన్నారు.

ఎట్టకేలకు రాకెట్ ఎగిరింది. క్లబ్బు హాల్లో కుర్చీలు వేసి, విలేకరులను కూర్చోబెట్టి, పెద్ద స్పీకరు పెట్టాడు మరిది. ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చింది, వెళ్లింది. స్పీకర్లో బుస్సుమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మర్నాడూ అంతే, మూడోరోజూ అంతే. మూడోరోజు సాయంత్రం అతను వదిన ఇంటికొచ్చి, వంటింటి గడప దగ్గరే నిలబడి, జేబులోంచి ఒక కార్డు తీశాడు.

"ఒక్క సంతకం వదినా. చాలా సన్నగా వినబడిందని రాయి. సన్నగా అంటే ఎవరు కాదంటారు? ఈ వారం గట్టెక్కితే చాలు."

"వినలేదు."

"వినలేదని నాకూ తెలుసు. రాయమంటున్నాను."

"వినంది రాయను. ఆ కార్డు జేబులో పెట్టుకుని భోంచేసి వెళ్లు, లేకపోతే భోంచేయకుండా వెళ్లు."

అతను భోంచేయకుండా వెళ్లాడు. తెల్లారి పేపర్లో టంకం లోపం వార్త వచ్చింది.

ఆ రాత్రి భర్త కంచం ముందు కూర్చుని నసిగాడు. "పోనిద్దూ. పేరైతే రాయలేదుగా. తమ్ముడు ఏదో కంగారులో అనుంటాడు." టంకమక్క ఆయనకు కూర వడ్డించింది, నీళ్లు పెట్టింది, ఆ రోజు నుంచి మాట్లాడటం మానేసింది. వారంలో నలుగురు మిషన్లు వెనక్కి తీసుకెళ్లారు. ఒకావిడ ఫోన్లోనే, "మా నాన్నకి ఉన్నది ఒక్క చెవేనండీ," అని పెట్టేసింది.

అయినా టంకమక్క ముందు తననే అనుమానించుకుంది. అది ఆమె పద్ధతి. టంకం నిజంగా ఊడిందేమో చూడాలి. పైనున్న పెట్టెను విప్పే వీల్లేదు కదా, దాని లోపలిదానికి కవలలాంటి బోర్డు, రేడియోతో సహా అదే కూత కూసేది, ఇంకొకటి పరీక్షల కోసం చేసింది, అది క్లబ్ ప్రెసిడెంటుగారి ఇంట్లో ఉంటుంది. ఆయన టెలిఫోన్ల శాఖలో పెద్ద ఇంజనీరుగా రిటైరైన మనిషి. వెళ్లి ఆ బోర్డు తెచ్చుకుని, భూతద్దం కింద రెండు రోజులు ప్రతి చుక్కా చూసింది. కాల్చింది, చల్లార్చింది, బల్లకేసి కొట్టింది. ఒక్క చుక్కా కదల్లేదు.

బోర్డు తిరిగి ఇస్తూ, మాటవరసకు అడిగింది. "సార్, పెట్టె అప్పజెప్పిన రోజు సాయంత్రం దీన్ని ఆన్ చేశారు కదా?"

"లేదమ్మా. ఏడాదిగా ఇది బీరువాలోనే ఉంది. తాళం కూడా తీయలేదు."

టంకమక్క కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే ఆ సాయంత్రం దుకాణంలో సెట్టు ఆన్‌లో ఉంది, ఆమె కూత వింది. దుకాణానికి పరుగులాంటి నడకతో వచ్చి లాగ్ పుస్తకం తీసింది. తన రాతే ఉంది. '4.10. మన కూత. చాలా గట్టిగా. ప్రెసిడెంటుగారు జంట బోర్డు పరీక్షిస్తున్నట్టున్నారు.' ఆయన పరీక్షించలేదు. మరి కూసిందెవరు? దుకాణానికి రెండు వీధుల అవతల, క్లబ్బు హాల్లో, రైలెక్కబోతున్న అసలు పెట్టే కూసింది.

క్లబ్బుకు వెళ్లింది. హాల్లో గోడమీద మరిది స్వయంగా ఫ్రేము కట్టించి పెట్టిన ఫోటో ఉంది. అప్పజెప్పే రోజు మధ్యాహ్నం విలేకరులతో దిగింది. ముఖమల్ గుడ్డ మీద ఉపగ్రహం, పక్కన మరిది, ముప్పైరెండు పళ్లూ. ఈ ఫోటో ముందు నుంచి ఆమె వందసార్లు నడిచి ఉంటుంది. ఆ పళ్లను చూడలేక ఒక్కసారీ సరిగా చూడలేదు. ఇప్పుడు చూసింది. పెట్టెకు ఎర్ర రిబ్బను లేదు.

ఆదివారం క్లబ్బు గదిలో ఫోటో, లాగ్ పుస్తకం రెండూ బల్ల మీద పెట్టింది. ప్రెసిడెంటుగారు, మరిది ఎదురుగా కూర్చున్నారు.

"పిన్ను ఎవరు తీశారు?"

మరిది ఫోటో వంక చూశాడు. "ఫోటోగ్రాఫరే అన్నాడు వదినా, రిబ్బను ధర చీటీలా వేలాడుతోందని. ఒక్క నిమిషం తీశాను. ఒక గంట అయ్యుంటుంది. మళ్లీ పెట్టేశానుగా!"

"పెట్టినప్పుడు టిక్కుమందా?"

"అంతమంది మాట్లాడుతుంటే టిక్కు ఎక్కడ వినబడుతుంది?"

"అంటే సగమే దిగింది. పదకొండు వారాలు చీకటి డబ్బాలో మేలుకుని, కూసి కూసి, బ్యాటరీ చచ్చింది. మనం పైకి పంపింది శవాన్ని. చంపింది నువ్వు, పాతిపెట్టింది నా పేరుతో."

ప్రెసిడెంటుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ ఆలోచించండి. టంకం లోపమంటే యంత్రం తప్పు. పిన్ను అంటే మనిషి తప్పు. మనిషి తప్పని బయటికి పొక్కితే ఇంకే రాకెట్ వాళ్లూ మనల్ని ఎక్కించుకోరు."

"టంకం వేసింది మనిషి కాదా సార్?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఇంకో మాట అన్నారు. "మీరు ఆ రోజు కూత విన్నారు కదా. విని ఎందుకు అడగలేదు? ఒక్క ఫోన్ చేసుంటే రైలు ఎక్కకముందే ఆగేది."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకు అడగలేదు? చేతిలో పనుంది, పైగా ఏదో అనేసుకుంది. విన్నది విన్నట్టు రాసింది గాని, పక్కన అనుకున్నది కూడా రాసేసి అదే నిజమనుకుంది. ఆమె లాగ్ పుస్తకంలో ఆ వరుస మళ్లీ చదువుకుంది. ఆ సందులో మరిది క్షమాపణ పత్రం బల్ల మీదకి జరిపాడు. 'నా నిర్లక్ష్యం వల్ల' అని మొదలైంది. ఆమె సంతకం చేయకుండా లేచింది. ఆమె సభ్యత్వాన్ని తాత్కాలికంగా ఆపినట్టు మర్నాడు ఉత్తరం వచ్చింది, కింద ప్రెసిడెంటుగారి సంతకం, మాటలన్నీ మరిదివి.

ఆమెకు ఒక్కటే ఆశ మిగిలింది. చచ్చిన బ్యాటరీ ఇప్పుడు కరెంటునంతా మింగేస్తూ ఉండాలి. ఏదో ఒకరోజు అది లోపలే పూర్తిగా తెగిపోతే, అడ్డు తొలగి, పలకల మీద ఎండ పడినంతసేపు కరెంటు నేరుగా రేడియోకు అందుతుంది. టంకం గట్టిదైతే పెట్టె మళ్లీ కూయాలి. గట్టిది కాకపోతే ఎప్పటికీ కూయదు. పెట్టె పగలు నెత్తిమీదికి వచ్చే వేళల్లా దుకాణం మేడెక్కి, చేత్తో యాంటెన్నా పట్టుకుని, ఆకాశంలో దాన్ని తిప్పుతూ నిలబడేది. ఎదురింటి కిటికీలోంచి నవ్వులు వినిపించేవి. "ఉపగ్రహం పోయిందిగా, కాకుల్ని పడుతోంది," అన్నారెవరో. ఆమె పట్టించుకోలేదంటే అబద్ధం. పట్టించుకుంది, ప్రతి నవ్వూ ఎవరిదో గుర్తుపెట్టుకుంది.

రాకెట్ ఎగిరిన నలభై ఆరో రోజు, పొద్దున పదకొండూ ఇరవై రెండుకు, బుస్సుమనే చప్పుడులోంచి కూత వచ్చింది. సన్నగా కాదు, గట్టిగా. మూడు నిమిషాలు విని, లాగ్ పుస్తకంలో వేళ రాసి, అక్కడే నీళ్లట్యాంకుకు ఆనుకుని ఏడ్చింది. అది సంతోషం కాదు. ఉడుకుమోత్తనం. టంకం నిలబడిందని తనకు తెలుసు, ఆకాశానికి తెలుసు, కింద ఒక్కడికీ తెలియదు.

తెలిసే ఘడియ వచ్చినట్టే వచ్చి పోయింది. రెండు రోజుల్లో నలుమూలల నుంచి విన్నామని ఉత్తరాలు మొదలయ్యాయి. మొదటిది ఒక దీవిలో లైట్‌హౌస్ కాపలాదారు రాసింది. మరిది మళ్లీ విలేకరులను పిలిచాడు. మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. 'మృత్యువును జయించిన ఉపగ్రహం. క్లబ్ ఇంజనీర్ల అవిశ్రాంత కృషి. అంతరిక్షంలో ఎండవేడికి లోపమున్న టంకం కరిగి, దానంతటదే అతుక్కుంది.'

టంకమక్క ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. టంకం కరగాలంటే ఎంత వేడి కావాలో, ఆ వేడికి మిగతా పెట్టె ఏమవుతుందో ఒక్క విలేకరీ అడగలేదు. చచ్చినప్పుడు తన టంకం వల్ల చచ్చింది. బతికినప్పుడు తన టంకం చెడ్డదైనా బతికింది.

వారం తర్వాత మరిది రెండు అట్టపెట్టెలతో ఇంటికొచ్చాడు. ఒకదాంట్లో మూడు వందల పన్నెండు ఉత్తరాలు, రెండోదాంట్లో రంగుల్లో అచ్చేయించిన కార్డులు. విన్నామని రాసిన ప్రతివాళ్లకూ కార్డు పంపాలి. దాని మీద సంతకం లైసెన్సు ఉన్నవాళ్లదే చెల్లుతుంది, సభ్యత్వం ఆపినా లైసెన్సు ఆమెదే.

"జరిగిందేదో జరిగింది వదినా. మన ఉపగ్రహం, మన పరువు. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది."

"అక్కడ పెట్టు," అంది టంకమక్క.

అతను ఏదో పెద్ద గొడవకు సిద్ధపడి వచ్చినవాడు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు. ఆమెను ఎరిగినవాడైతే అప్పుడే భయపడాల్సింది.

మూడు వారాలు రాసింది. రోజుకు పదిహేను కార్డులు, నెమ్మదిగా, శ్రద్ధగా. భర్త పని నుంచి వచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని చూసేవాడు. ఒకరోజు సిరా ఆరిందో లేదోనని ఒక కార్డు చేతిలోకి తీసుకుని, చదివి, మళ్లీ అక్కడే పెట్టేశాడు. మర్నాడు పోస్టాఫీసు నుంచి స్టాంపులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం మరిది కార్డులు తీసుకెళ్లడానికి వచ్చాడు. కట్ట కట్టబోతూ పైదాన్ని తిప్పి చూశాడు. తారీఖు, వేళ, సంతకం. కింద, విశేషాలు రాసే గళ్లో, ముత్యాల్లాంటి అక్షరాలు.

'ఈ ఉపగ్రహం నలభై ఆరు రోజులు మూగగా ఉంది. ఫోటో కోసం పిన్ను తీసి, మళ్లీ టిక్కుమనేదాకా నొక్కకపోవడం వల్ల బ్యాటరీ చచ్చింది. ఆ సాయంత్రం దీని కూత నేను విన్నాను, ఎక్కడిదని అడగలేదు. అది నా తప్పు. టంకం ఊడలేదు.'

రెండోది తీశాడు. మూడోది తీశాడు. కట్ట మధ్యలోంచి ఒకటి లాగాడు.

"అన్నిట్లోనూ ఇదేనా?"

"అన్నిట్లోనూ."

"నీకు మతిపోయిందా వదినా? ఇవి పోతే నా బతుకేం కావాలి? అన్నయ్యా, నువ్వైనా చెప్పు!"

అన్నయ్య తల ఎత్తలేదు. తడి స్పాంజి మీద స్టాంపు అద్ది, కార్డు మూలకు అంటిస్తున్నాడు.

"ఇవి పంపను. చించేస్తాను," అన్నాడు మరిది, కట్టను గుండెకు హత్తుకుని.

"చించుకో. ఉత్తరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి, మళ్లీ రాస్తాను. నువ్వు చించినకొద్దీ రాస్తాను. పైగా రెండు ముందే వెళ్లిపోయాయి. ఒకటి ఆ లైట్‌హౌస్ ఆయనకి."

"రెండోది?"

"పేపరు విలేకరికి. నువ్వు వాళ్లాఫీసులో స్పీకరు పెట్టి మరీ వినిపించావటగా. ఆయనా విన్నానని రాశాడు. విన్నవాళ్లకి కార్డు పంపకపోతే తప్పు కదా."

మైకు పట్టుకుని గంటలకొద్దీ మాట్లాడే మరిది కట్టను బల్ల మీద పడేసి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

టంకమక్క చెదిరిన కార్డులు ఏరి, అంచులు కలిపి, భర్త ముందు పెట్టింది. ఆయన అంటించిన కార్డు ఒకటి ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసింది.

"మూలలు గట్టిగా నొక్కండి," అంది. "లేచిపోతున్నాయి."

రెండున్నర నెలల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన బొటనవేలితో మూల నొక్కి పట్టుకుని, ఆమె చాలనేదాకా వేలు తీయలేదు.